మట్టెవాడలో పుట్టిన అధికరణం

మన రాజ్యాంగంలో మూడు వందల డెబ్బై ఒకటి-డి అనే అధికరణం ఒకటుంది. తెలంగాణలోనూ ఆంధ్రలోనూ ఎవరు ఎక్కడ స్థానికులో, ఎవరికి ఏ చదువు, ఏ కొలువు దక్కాలో తేల్చేది అదే. అది ఢిల్లీలో పుట్టిందని అందరూ చెప్తారు. నాయకులు కూర్చున్నారు, ఆరు సూత్రాలు రాసుకున్నారు, పార్లమెంటు సరేనంది, పనైపోయింది. మొన్న హనుమకొండలో జరిగిన రాజ్యాంగ దినోత్సవం సభలో ఒక కుర్ర లెక్చరరు తెర మీద బొమ్మలు వేసి మరీ ఇదే కథ చెప్పాడు. నేను బి.ఏ.లో రాజనీతిశాస్త్రం చదివినదాన్ని, ముందు వరసలో కూర్చునే అలవాటున్నదాన్ని. లేచి నిలబడి, "సార్, ఒక మనిషి ఏ ఊరివాడో తెలుసుకోవడానికి ఊళ్లోవాళ్లను అడగొద్దు, బడి రిజిస్టరును అడగాలి అన్న ఆలోచన ఎవరిది?" అన్నాను. "మేడం, ప్రశ్నలు చివర్లో తీసుకుందాం" అన్నాడు. చివర్లో సమోసాలు ఇచ్చారు. అందుకని నా జవాబు ఇక్కడ రాస్తున్నాను. ఆ అధికరణం ఢిల్లీలో పుట్టలేదు. వరంగల్ మట్టెవాడలో, మా తాత బట్టల దుకాణం గద్దె మీద, ఆయన సిరా కలం పాళీ కింద పుట్టింది. ఢిల్లీవాళ్లు దానికి అంకె వేశారు, అంతే.

ఆ రోజు నా గొంతు అంత లేవడానికి కారణముంది. అంతకు రెండు నెలల ముందు మా తమ్ముడి కూతుర్ని వెంటబెట్టుకుని సర్టిఫికెట్ల పరిశీలనకు వెళ్లాను. పిల్లకు డాక్టరు చదువుకు సరిపోయే ర్యాంకు వచ్చింది. పుట్టింది వరంగల్లో, పదో తరగతి దాకా చదివింది వరంగల్లో. ఇంటరు రెండేళ్లు మాత్రం అక్కడ కోచింగు బాగుంటుందని విజయవాడలో చదివించాం. ఇక్కడ సగం ఇళ్లలో చేసే పనే. బల్ల వెనక కూర్చున్న ఆయన కాగితాలన్నీ తిరగేసి, కళ్లద్దాల పైనుంచి పిల్లను ఒకసారి చూసి, "నాన్ లోకల్" అన్నాడు.

"నాన్ లోకల్ ఏంది సార్? మాది మట్టెవాడ. మా ఇల్లు ఈడికి ఆటోల పది నిమిషాలు."

"ఇల్లు ఏడున్నదని కాదమ్మా. పరీక్షకు ముందు నాలుగేండ్లు వరసగ ఏడ చదివిందన్నదే రూలు. రెండేండ్లు అటు పోయింది గద."

"అయితే అటు లోకలా?"

"అటు గూడ రెండేండ్లే ఆయె. అటు గూడ కాదు."

"మరి ఏడిది సార్ ఈ పిల్ల? మబ్బులకెల్లి రాలి పడ్డదా?"

ఆయన నా వెనక నిలబడ్డవాళ్లను పిలిచాడు. పిల్ల నా కొంగు పట్టుకుని, "పోదాం పా అత్తమ్మా, అందరు చూస్తాండ్రు" అంది. చూడనీ అన్నాను. చూసినవాళ్లలో నలుగురైదుగురి పిల్లలది ఇదే గతి అని తర్వాత బయట మెట్ల మీద తెలిసింది. మా పిల్ల ఇప్పుడు హనుమకొండలో బి.ఎస్సీ. చదువుతోంది. మళ్లీ రాయమని అంటే, "ర్యాంకు మళ్ల తెస్తగని అత్తమ్మా, ఆ రెండేండ్లు యాడికెల్లి తేవాలె?" అంది.

ఇప్పుడు తాత సంగతి. మా తాత దుకాణంలో తెల్ల దుప్పటి పరిచిన గద్దె, దాని మీద ఒక బాలీసు దిండు, బాలీసుకు ఆనుకుని తాత. కొత్త బట్టల గంజి వాసన, పక్క హోటలు నుంచి వచ్చే చాయ వాసన కలిసి ఉండేవి. ఆ రోజుల్లో ఉర్దూలో దస్తఖతు చేయగలిగిన షావుకార్లు మట్టెవాడలో కొద్దిమందే. అందులో మా తాతది మరీ అందమైన దస్తఖతు అని పేరు. చివరి అక్షరాన్ని గుర్రం తోకలా తిప్పి వదిలేవాడట. దాంతో ఎవరికి సాక్షి సంతకం కావలసినా దుకాణానికే వచ్చేవారు. వచ్చినవాడు ఎవరు, కాగితంలో ఏముంది అన్నది తాతకు రెండో సంగతి. మర్యాదగా వచ్చాడా, గద్దె కింద చెప్పులు విడిచాడా, అంతే. చాయ తెప్పించేవాడు, కలం మూత తీసేవాడు. "అడిగినోనికి లేదంటమా? సంతకానికి ఏం పోతది, సిరానే గద" అనేవాడు. దాన్ని పెద్దమనిషి తరహా అని మా ఇంట్లో అందరూ ముచ్చటగా చెప్పుకుంటారు. నాకు మాత్రం ఒళ్లు మండుతుంది. ఎందుకో చెప్తాను.

మా మేనత్త మెట్రిక్ పాసైంది. మా ఇంట్లోనే కాదు, మా గల్లీలోనే మెట్రిక్ పాసైన మొదటి ఆడపిల్ల. పోలీసు చర్య అయిపోయి, ఉర్దూ బడులు తగ్గి తెలుగు బడులు పెరుగుతున్న కాలం. ఆడపిల్లల బడిలో పంతులమ్మ కావాలన్నారు. అది హైదరాబాదు రాష్ట్రం, కొలువు కావాలంటే ముల్కీ సర్టిఫికెట్ ఉండాలి. ముల్క్ అంటే దేశం, ముల్కీ అంటే ఈ నేల మనిషి. ఉత్తరాది నుంచి వచ్చినవాళ్లు సర్కారు కచేరీలన్నీ నింపేస్తున్నారని ఇక్కడి చదువుకున్నవాళ్లు గోల చేస్తే నిజాం ప్రభుత్వం పెట్టిన నిబంధన అది. ఇక్కడ పుట్టినవాళ్లు ముల్కీ. పదిహేనేళ్లు ఇక్కడ కాపురమున్నవాళ్లు ముల్కీ. ముల్కీని కట్టుకున్న ఆడది కూడా ముల్కీయే. మెడలో తాడుతో పాటు దేశం కూడా పడేదన్నమాట. ఇదంతా రుజువు చేయడానికి కావలసింది ఇద్దరు పెద్దమనుషుల సంతకాలు. మేనత్త వెళ్లి తాతను అడిగింది.

"బాపూ, దరఖాస్తుకు ముల్కీ కాయితం గావాల్నట."

"మనకు కాయితమెందుకే బిడ్డా? మనం గీడోళ్లమే. మట్టెవాడల ఎవ్వల్నడిగినా చెప్తరు."

ఎవ్వరినీ ఎవ్వరూ అడగలేదు. కాగితం జతచేయలేదని ఎర్ర సిరాతో ఒక ముక్క రాసి దరఖాస్తు తిప్పి పంపారు. ఆ నెలలోనే మేనత్తకు పెళ్లి కుదిరింది, రెండు గల్లీల అవతలి కిరాణా షావుకారి ఇంటికి. కొలువు చేసే కోడలు తమకొద్దని వాళ్లు ముందే అన్నారట. కొలువు రానే లేదు కాబట్టి పేచీ కూడా రాలేదు.

పెళ్లిపనుల్లో ఉండగా ఒక పొద్దున ఇంటి తలుపు తట్టారెవరో. మేనత్తే వెళ్లి తీసింది. ఒక పాతికేళ్లామె, చేతిలో పొట్లం. ఆమె పినతండ్రి మిల్లులో ఉద్యోగి, మా తాత దుకాణం వెనకింట్లో అద్దెకుండేవాడు. ఆ తర్వాత జరిగిన మాటలు మేనత్త నాకు ఎన్నిసార్లు చెప్పిందో లెక్కలేదు, ప్రతిసారీ ఆ కోస్తా యాసతో సహా.

"షావుకారుగారున్నారాండీ? పూతరేకులు తెచ్చానండీ. ఆయన సంతకం పెట్టబట్టే నాకు పంతులమ్మ ఉద్యోగం వచ్చింది."

"ఏం సంతకం?"

"అదేనండీ, ముల్కీ కాగితం మీద. నేను పదిహేనేళ్లుగా ఇక్కడే ఉంటున్నానని."

"ఎన్నొద్దులైంది మీరొచ్చి?"

"వచ్చే నెలకి ఏడాదవుతుందండీ" అందట, ఏ కల్మషమూ లేకుండా. ఆమెకు అదొక లాంఛనం. ఫారం ఉంది, ఫారంలో గడి ఉంది, గడి నింపారు.

మేనత్త పొట్లం తీసుకుంది. లోపలికెళ్లి గడప మీద కూర్చుని రెండు పూతరేకులు తిన్నది. "మంచిగున్నయే. నోట్లె ఏసుకుంటె కరిగిపోయినయ్. అదే నా కడుపుమంట, బాగలేకున్నా బాగుండు" అనేది.

మన వాళ్లు చెప్పుకునే కథలో వచ్చినవాళ్లు దొంగ కాగితాలు పుట్టించారు. అవతలివాళ్లు చెప్పుకునే కథలో ఇక్కడ చదువుకున్నవాళ్లే లేరు, పాపం వాళ్లే వచ్చి మనకు చదువు చెప్పారు. రెండు కథలూ నాకు అక్కర్లేదు. చదువుకున్న పిల్ల మా ఇంట్లోనే ఉంది, పెళ్లి పసుపు దంచుతోంది. దొంగ కాగితం మీదున్న సంతకం మా తాతది, గుర్రం తోకతో సహా. వచ్చినావిడకు పదిహేనేళ్లు దానం చేసిన చెయ్యి, కన్నబిడ్డకు ఉన్న పద్దెనిమిదేళ్లను కాగితం మీద పెట్టలేదు.

ఇలాంటి సంతకాలు మా తాత ఒక్కడే చేయలేదని ఆ సంవత్సరమే తేలింది. ముల్కీ కానివాళ్లకు కొలువులిచ్చారని మా వరంగల్ విద్యార్థులే మొదట రోడ్డెక్కారు. అప్పుడు హైస్కూల్లో ఉన్న మా నాన్న కూడా నినాదాలిస్తూ నడిచాడు. ఊరేగింపు దుకాణం ముందు నుంచే పోయింది. తాత గద్దె దిగి, పిల్లలు ఎండన పడి అరుస్తున్నారని కుండలో చల్లని నీళ్లు ముంచి అందరికీ పోశాడట. తనమీదే అరుస్తున్నారన్న ఊహ కూడా ఆయనకు తట్టలేదు. మా ఇంట్లో ఇదీ ఒక ముచ్చటే, పెళ్లిళ్లలో చెప్పుకుని నవ్వుతారు.

తర్వాతి సంగతి పుస్తకాల్లో ఉంది. హైదరాబాదు రాష్ట్రాన్ని విడగొట్టి మమ్మల్ని ఆంధ్రతో కలిపినప్పుడు ముల్కీ నిబంధనలు ఉంటాయన్నారు. మాట తప్పారని ఇక్కడ ఉద్యమం వచ్చింది. కోర్టు ఒకసారి నిబంధనలు చెల్లవంది, ఇంకోసారి చెల్లుతాయంది. చెల్లుతాయన్నాక అటువైపు ఉద్యమం వచ్చింది. అప్పుడు ఆరు సూత్రాలు రాసి, ముల్కీని తీసేసి, రాజ్యాంగంలో ఈ 'డి' చేర్చారు. దాని కింద రాష్ట్రపతి ఉత్తర్వులొచ్చాయి. జోన్లు వచ్చాయి. మామూలుగా అందరి మనసుల్లో రాజ్యాంగం అంటే హక్కులు, ఓటు. వరంగల్లో రాజ్యాంగం అంటే, కొలువుకైతే నాలుగో తరగతి నుంచి పదో తరగతి దాకా, డాక్టరు చదువుకైతే పరీక్షకు ముందు నాలుగేళ్లు, ఏ బడిలో చదివావన్నది. ఆ ఉత్తర్వుల్ని నేను కూర్చుని చదివాను. చదువుకున్నవాడు స్థానికుడా కాదా అన్నది వాడు చదివిన చోటును బట్టే తేలుస్తారు. ఎక్కడ కాపురమున్నాడన్న సంగతి, అసలు ఆ ఏళ్లలో ఏ బడికీ పోనివాడి విషయంలోనే చూస్తారు. ఎందుకలా? పెద్దమనుషులు ఏమైనా రాసిస్తారని, ఒక చాయ తాగిస్తే పదిహేనేళ్లు కూడా రాసిస్తారని అప్పటికి అందరికీ తెలిసిపోయింది గనక. రాష్ట్రం మనుషుల మాట మీద నమ్మకం పోగొట్టుకుని హాజరు పట్టీని నమ్ముకుంది. ఆ నమ్మకం పోగొట్టిన వేళ్లలో మా తాత వేళ్లున్నాయి. లెక్చరరుగారి తెర మీద అవి లేవు.

మేనత్త మాత్రం ఆ మార్పును అందరికన్నా ముందు పసిగట్టింది. నా చిన్నప్పుడు ఏడాది చివరి పరీక్షలు అయిపోయిన మర్నాడు ఆమె పట్టుచీర కట్టుకుని బడికి బయలుదేరేది, నన్ను వెంటేసుకుని. మా ఇంటి పిల్లలకే కాదు, గల్లీలో ఉన్న పిల్లలందరికీ ఆ ఏటి బోనఫైడ్ తీసుకోవడం ఆమె వ్రతం. చదివిన ఏడాదికి బడివాళ్లు రాసిచ్చే రుజువు అది. మిగతా ఊళ్లలో పదో తరగతి అయ్యాక అన్నీ ఒకేసారి అడిగేవారు. మా గల్లీలో ఏ ఏటికి ఆ ఏడే. అప్పటికి ఆ బడిలో పెద్ద పంతులమ్మ ఎవరనుకున్నారు? పూతరేకుల పొట్లం తెచ్చినావిడే. జుట్టు నెరిసింది, యాస కొంచెం మా వైపు వాలింది. నాకు గుండ్రటి దస్తూరి నేర్పింది ఆవిడే. నా వేళ్ల మీద స్కేలుతో కొట్టి, సాయంత్రం అదే వేళ్లకు కొబ్బరినూనె రాసింది కూడా ఆవిడే. చెడ్డ మనిషి అయ్యుంటే నాకు ఈ కథ చెప్పడం సులువయ్యేది.

"మళ్ళీ వచ్చారా అమ్మా? నిరుడే కదా ఇచ్చాను" అనేది ఆమె, కళ్లజోడు వెతుక్కుంటూ.

"నిరుడు నాలుగు. ఇప్పుడు అయిదు. రాయుండ్రి."

"ఇప్పుడెవరు అడుగుతారండీ? పిల్ల ఉద్యోగానికి ఇంకా పదేళ్లుంది."

"కాయితం లేకుంటె ఏమైతదో నాకు తెల్వదా టీచరమ్మా? ఉంటె ఏమైతదో మీకు తెల్వదా?"

పెద్ద పంతులమ్మ తల ఎత్తేది కాదు. రాసేది. ఈ పిల్ల ఫలానా సంవత్సరం ఈ బడిలో చదివింది, ఈ ప్రాంతానికి చెందినది అని ఆ గుండ్రటి దస్తూరితో రాసి, ముద్ర వేసి, సిరా ఆరేదాకా గాలికి ఊపి ఇచ్చేది. ఈ నేలకు పరాయిగా వచ్చిన మనిషి నన్ను ఈ నేలదాన్నని ధ్రువపరుస్తుంటే, ఈ నేల మీద పుట్టిన మనిషి చేతులు కట్టుకుని నిలబడి తీసుకునేది. ఏడేళ్లు చూశాను ఆ దృశ్యం. అప్పుడు నాకు నవ్వొచ్చేది, ఇప్పుడు రాదు.

మేనత్త పోయి చాలా ఏళ్లయింది. ఆమె రేకు పెట్టె నాకు వచ్చింది, ఇంట్లో ఎక్కువ వాదించేది నేనే గనక. మొన్న పిల్ల నాన్ లోకల్ అయి ఇంటికొచ్చిన రోజు ఆ పెట్టె దించాను. ఎక్కడో ఏదో కాగితం ఉండి ఈ పిల్లను కాపాడుతుందన్న పిచ్చి ఆశ. అందులో గల్లీ పిల్లలందరి బోనఫైడ్లు ఉన్నాయి, ఒక్కొక్కరివి ఒక్కో దారంతో కట్టి. మేనత్త ఉండుంటే పిల్లను విజయవాడ బస్సెక్కించేవాళ్లమా? బస్సుకు అడ్డంగా పడుకునేది. కాని బస్సెక్కించింది ఎవరు? మా తమ్ముడని ఇన్నాళ్లూ తిట్టాను. హాస్టలు ఫారంలో సంరక్షకుల గడిలో ఉన్నది నా సంతకం. అధికరణం అంకెతో సహా తెలిసినదాన్ని, ఉత్తర్వులు చదివినదాన్ని, ఆ గడి ముందు కూర్చున్నప్పుడు నా తలలో ఒక్క అంకె కూడా మెదల్లేదు. రెండేళ్లే గదా, మనం వరంగలోళ్లమే గదా అనుకున్నాను. మా తాత మాటే, అక్షరం పొల్లుపోకుండా.

పెట్టె అడుగున ఎర్ర సిరా ముక్క రాసిన ఆ పాత దరఖాస్తు ఉంది. దాని లోపల నాలుగు మడతలు పెట్టిన ఉర్దూ కాగితం ఒకటుంది. నాకు ఉర్దూ రాదు, కాని కింద ఆ గుర్రం తోకను గుర్తుపట్టాను. మండీబజారులో ఉండే ఒక రిటైరైన ఉర్దూ మాస్టరు దగ్గరికి పట్టుకెళ్లాను. ఆయన దాన్ని వెలుతురుకు పెట్టి, పెదాలు కదుపుతూ చాలాసేపు చదివాడు.

"ఇది ముల్కీ సర్టిఫికెట్‌కు దరఖాస్తు అమ్మా. ఆడమనిషి పేరు మీద ఉన్నది. రాసింది ఆమె బాపు."

"ఆయన ఆవిడకు రాయలేదు సాబ్. వేరే ఆమెకు సంతకం చేసిండు. జర మళ్ల చూడుండ్రి."

"చూసిన బేటీ. మట్టెవాడల పుట్టిన నా బిడ్డ అని సాఫ్‌గ రాసిండు. ఇద్దరు గవాలు, అంటే సాక్షులు గూడ దస్తఖత్ చేసిండ్రు. అంతా పూరా ఉన్నది. కచేరీ ముద్ర ఒక్కటే లేదు."

"అంటే?"

"అంటే ఇది కచేరీల ఇయ్యలే. ఇంట్లనే ఉండిపోయింది."

కింద తారీఖు ఉంది. కొలువు దరఖాస్తు తిప్పి పంపిన తారీఖుకు పన్నెండు రోజుల ముందుది. కచేరీ మా దుకాణానికి నడిచిపోయేంత దూరం. కొలువు చేసే కోడలు వద్దన్నవాళ్లతో పెళ్లి మాటలు నడిచిందీ ఆ నెలలోనే. కాగితం మడత అంగీ జేబుకు సరిగ్గా సరిపోయే కొలత, మడతల దగ్గర అరిగి పలచబడి ఉంది. ఆ పన్నెండు రోజులూ తాత జేబులో తిరిగి అరిగిందో, ఆయన పోయాక మేనత్త చేతికి దొరికి, ఆమె విప్పి మూసి విప్పి మూసి అరగదీసిందో కాగితం చెప్పదు. పూతరేకుల సంగతి నాకు వందసార్లు చెప్పిన మేనత్త ఈ కాగితం సంగతి ఒక్కసారి కూడా చెప్పలేదు. తండ్రిని ఊరి కళ్లలో ఆలోచన లేని మంచివాడిగానే ఉంచింది. అది ఆయన మీది ప్రేమో, తన మీది జాలో నాకు తెలియదు, రెండిటికీ కోపమే వస్తుంది.

తాత దుకాణం పోయింది, గద్దె పోయింది, నిజాం నిబంధన పోయింది, దాన్ని పెట్టిన రాష్ట్రం పోయింది, దాన్ని కలుపుకున్న రాష్ట్రం కూడా రెండు ముక్కలైంది. డెబ్బై ఏళ్లు ఇన్నిటిని మింగి, నాలుగు మడతల కాగితాన్ని మాత్రం నమలకుండా నా చేతిలో పెట్టాయి. విజయవాడ హాస్టల్లో సంతకం చేసినప్పుడు నేను మరిచిపోయానని నాకు తెలుసు. అందుకు ఆ పిల్ల ముఖం చూసినప్పుడల్లా నన్ను నేను తిట్టుకుంటున్నాను, తిట్టుకోగలుగుతున్నాను. నువ్వు చెప్పు తాతా, ఆ పన్నెండు రోజులూ నువ్వు కూడా మరిచిపోయావా, లేక జేబు మీద చెయ్యి వేసుకుని ఆ కచేరీ ముందు నుంచే నడిచిపోయావా?